ఓడకూ ఒడ్డుకూ నడుమ

కావేరిపాక్కం చెరువు పల్లవుల కాలం నాటిది. పాలారు ఆనకట్ట నుంచి వచ్చే కాలువ దానికి నీరు తెస్తుంది. వానలు బాగా కురిసిన ఏడాది గట్టు మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు మసకగా కనిపిస్తుంది. ఇంత పెద్ద చెరువులోనైనా పడవను ఒడ్డుకు చేర్చటం కష్టమైన పని కాదు. గాలి లేని వేళ తెడ్డుతో నాలుగుసార్లు తోస్తే పడవ మెల్లగా వచ్చి బురదలో ఆగుతుంది. మోకాలి లోతు నీటిలో దిగి, తాడు పట్టుకొని లాగుకోవచ్చు.

సముద్రపు ఒడ్డు ఇలాంటిది కాదు. అక్కడ నీరు ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు. అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి విరుగుతాయి. ఆటుపోట్ల వల్ల నీటి లోతు గంట గంటకూ మారుతుంది. పైకి కనిపించని ఇసుక తిన్నెలు అడుగున దాగి ఉంటాయి. వేల మైళ్లు క్షేమంగా వచ్చిన పెద్ద ఓడ కూడా ఈ చివరి వంద గజాలు దాటలేదు. అందుకే ఓడలకు రేవు కావాలి.

మరి రేవు లేని చోట, అవతల శత్రువు కాచుకొని ఉన్నప్పుడు సైన్యం ఒడ్డుకు ఎలా చేరాలి? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే సైన్యాన్ని తీరాన దింపే పడవలు. వీటిని ల్యాండింగ్ క్రాఫ్ట్ అంటారు. తెలుగులో దింపుడు పడవలు అనుకోవచ్చు. వాటి నిర్మాణం ఎలా ఉంటుందో, యుద్ధాలలో అవి ఎలా ఉపయోగపడ్డాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మసూలా పడవ

1752 ఫిబ్రవరిలో కావేరిపాక్కం దగ్గర ఒక యుద్ధం జరిగింది. ఒకవైపు రాబర్ట్ క్లైవ్ నాయకత్వాన ఇంగ్లీషు కంపెనీ సైన్యం, మరొకవైపు చందా సాహెబు కుమారుడు రాజా సాహెబు, అతనికి తోడుగా ఫ్రెంచివారు. ఫ్రెంచి ఫిరంగులు ఒక మామిడితోపులో దాగి ఉన్నాయి. క్లైవ్ పంపిన దళం చీకటిలో చుట్టు తిరిగి వెళ్లి, తోపు వెనుక నుంచి వాటిని పట్టుకుంది. దానితో యుద్ధం ముగిసింది.

ఈ యుద్ధానికి కావలసిన తుపాకులు, మందుగుండు ఎక్కడి నుంచి వచ్చాయి? కంపెనీకి యుద్ధసామగ్రి ఇంగ్లండు నుంచి ఓడల మీద మద్రాసుకు వచ్చేది. అయితే ఆనాడు మద్రాసుకు రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా, లోతు నీటిలో లంగరు వేసేవి. అక్కడి నుంచి సరుకులనూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. మచిలీపట్నం పేరు మీదనే ఆ పడవకు ఆ పేరు వచ్చిందని కొందరు చెబుతారు.

మసూలా పడవలో ఇనుప మేకులు ఉండవు. పలకల అంచులకు రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. ఐరోపా ఓడల నుంచి దింపిన గట్టి పడవలు ఈ తీరపు అలల తాకిడికి పగిలిపోయేవి. కుట్టుపడవ మాత్రం దెబ్బ తగిలిన చోట కొంచెం వంగి, మళ్లీ సర్దుకొనేది. దాని అడుగు చదునుగా ఉండటం వల్ల తక్కువ నీటిలో కూడా తేలేది. ఇసుకకు తగిలినా పక్కకు ఒరిగేది కాదు.

పడవ వెనుక నిలబడినవాడు పొడవైన తెడ్డుతో దానిని నడిపేవాడు. అలకు పడవ అడ్డం తిరగకుండా చూడటం అతని ముఖ్యమైన పని. అడ్డం తిరిగిన పడవను తరువాతి అల బోర్లా పడేస్తుంది. ప్రమాదం జరిగితే మునిగేవారిని కాపాడటానికి కట్టుమరాలు పక్కనే తేలుతూ వచ్చేవి. అలను చూసి, లెక్కపెట్టి, సరైన అల వెంట పడవను ఒడ్డుకు పరుగెత్తించే నేర్పు ఈ తీరపు పల్లెకారులకు తరతరాలుగా ఉంది.

చదునైన అడుగు, తక్కువ లోతులో తేలటం, వెనుక భాగాన్ని అలకు ఎదురుగా నిలిపి ఉంచటం అనే ఈ మూడింటిని గుర్తు పెట్టుకోవాలి. రెండు వందల ఏళ్ల తరువాత ఇంజనీర్లు ఎన్నో లెక్కలు వేసి చేరుకొన్నది కూడా ఈ మూడింటి దగ్గరికే.

పడవ ఎక్కడమే గాని దిగే దారి లేదు

మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి గొప్ప గొప్ప యుద్ధనౌకలు తయారయ్యాయి. కాని సైనికుణ్ణి ఒడ్డుకు చేర్చే పద్ధతి మాత్రం పాతదే. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా అనే రేవు పట్టణాన్ని పట్టుకోవటానికి భారతదేశం నుంచి దాదాపు 8,000 మంది సైన్యం వెళ్లింది. అందులో మద్రాసు రాజధానికి చెందిన పటాలాలు కూడా ఉన్నాయి. సైనికులు వారాల తరబడి ఓడలలో ఇరుకుగా ప్రయాణించి అలసిపోయారు. సరుకులు మోసే పడవల మీద వారిని కొద్దికొద్దిగా దింపారు. ఈలోగా జర్మను సేనాని అదనపు బలగాలను రప్పించుకొన్నాడు. అతని దగ్గర ఉన్నది వెయ్యిమంది మాత్రమే. అయినా భారత సైన్యం ఓడిపోయి, ఎంతో సామగ్రిని ఒడ్డునే వదిలి తిరిగి ఓడలెక్కవలసి వచ్చింది.

1915 ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలి తీరాన ఇంకా పెద్ద నష్టం జరిగింది. చాలామంది సైనికులను కప్పులేని కొయ్య పడవలలో కూర్చోబెట్టి, ఆవిరి పడవలతో లాగించి, చివరి కొంత దూరం తెడ్లు వేయించారు. పడవ పక్క అంచు దాటి నీళ్లలోకి దూకటం తప్ప వేరే దారి లేదు. ఒకచోట రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడను కావాలనే ఒడ్డుకు ఎక్కించారు. దాని పక్కలకు తలుపులు కోసి, వంతెన పలకలు అమర్చి, లోపల దాదాపు 2,000 మంది సైనికులను ఉంచారు. తలుపుల నుంచి బయటికి వచ్చినవారు వచ్చినట్టే ఎదుటి తుపాకులకు బలి అయ్యారు.

ఆ అనుభవం ఒక పాఠం నేర్పింది. సైనికులు ఒకరి తరువాత ఒకరుగా కాక, అందరూ ఒక్కసారిగా, వేగంగా, ముందు వైపు నుంచి దిగాలి. అదే సంవత్సరం ఆగస్టులో గల్లిపోలిలోనే బ్రిటిషువారు కొత్తరకం పడవలను వాడారు. వాటికి సొంత ఇంజను ఉంది. ముందు భాగాన వంతెనలా కిందికి దించే పలక ఉంది. ఒక్కొక్క పడవ దాదాపు 500 మందిని మోసేది.

తలుపే వంతెన

ఈ ఆలోచనను యుద్ధాల మధ్యకాలంలో బాగా ముందుకు తీసుకువెళ్లినది జపాను. జపాను సైన్యం దైహత్సు అనే పడవను తయారుచేసింది. దాని ముందు భాగమే ఒక తలుపు. పడవ ఒడ్డుకు తగలగానే ఆ తలుపు కిందికి వాలి వంతెన అవుతుంది. 1937లో షాంఘై దగ్గర ఈ పడవలు పనిచేయటం విక్టర్ క్రూలాక్ అనే అమెరికను సైనికాధికారి చూశాడు. వాటి ఫొటోలు తీసి తన దేశానికి పంపాడు.

అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరానికి చెందిన ఆండ్రూ హిగ్గిన్స్ అప్పటికే ఒక విచిత్రమైన పడవను కడుతున్నాడు. లూసియానా రాష్ట్రంలోని చిత్తడి నేలలలో తిరిగే వేటగాళ్లకూ, చమురు బావుల పనివారికీ అది పనికివచ్చేది. నీటిలో దుంగలు అడ్డం వచ్చినా వాటి మీదుగా జారిపోవటం, ఒడ్డు మీదికి ఎక్కి మళ్లీ వెనక్కి దిగటం దాని ప్రత్యేకతలు. దాని ముందు భాగాన్ని తలుపుగా మార్చగానే సైన్యానికి కావలసిన పడవ సిద్ధమయింది. దానికి ఎల్.సి.వి.పి. అని పేరు పెట్టారు. సైనికులు మాత్రం హిగ్గిన్స్ పడవ అనే పిలిచేవారు.

ఈ పడవ పొడవు 11 మీటర్లు. ఎక్కువ భాగం ప్లైవుడ్‌తో చేసినది. 36 మంది సైనికులనుగాని, ఒక జీపునూ 12 మందినిగాని మోయగలదు. నీటిని తోసే మర పక్కలకు పొడుచుకు రాకుండా, అడుగున చేసిన సొరంగంవంటి గాడిలో ఉంటుంది. అందువల్ల ఇసుకకు తగిలి విరిగిపోదు. ముందు భాగానికి దాదాపు 65 సెంటీమీటర్ల నీరు ఉంటే చాలు. వెనుక భాగానికి 90 సెంటీమీటర్లు కావాలి. ఇలాంటి పడవలు 20,000కు పైగా తయారయ్యాయి.

బ్రిటిషువారు ఎల్.సి.ఏ. అనే పడవను తయారుచేసుకొన్నారు. అది తుపాకి గుండ్లను కొంతవరకు ఆపే ఉక్కు రేకులతో, ఎక్కువ చప్పుడు చేయని ఇంజనులతో, రాత్రివేళ ఒడ్డును సమీపించటానికి తగినట్టు ఉండేది. దాదాపు 35 మంది సైనికులు అందులో ప్రయాణించేవారు.

అయితే ఈ చిన్న పడవలకు ఒక పెద్ద లోపం ఉంది. చదునైన అడుగు ఒడ్డుకు మంచిది, నడిసముద్రానికి చెడ్డది. లోతైన అడుగు ఉన్న ఓడ అలను చీల్చుకొని పోతుంది. చదునైన పడవ ప్రతి అల మీదా ఎగిరి పడుతుంది. అందులోని సైనికులు వాంతులతో నీరసించిపోయేవారు. ఒడ్డుకు చేరి యుద్ధం చేయవలసినవారు కాళ్లు తేలి దిగేవారు. కాబట్టి పెద్ద ఓడ ఈ పడవలను మోసుకొని వచ్చి, తీరానికి కొన్ని మైళ్ల దూరంలో నీటిలోకి దింపేది.

సముద్రం దాటి వచ్చే ఓడే ఒడ్డుకు ఎక్కితే ఎలా ఉంటుంది? టాంకుల వంటి బరువైన వాటికి ఇదే కావాలి. 1941 నవంబరులో జాన్ నీడర్‌మేయర్ అనే అమెరికను ఇంజనీరు ఇందుకు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఓడ అడుగున పెద్ద పెద్ద నీటి తొట్లు ఉంటాయి. సముద్రం మీద ప్రయాణించేటప్పుడు వాటిని నీటితో నింపుతారు. ఓడ బరువెక్కి లోతుగా మునుగుతుంది, నిలకడగా సాగుతుంది. తీరం దగ్గరపడగానే పంపులతో ఆ నీటిని బయటికి తోడేస్తారు. ఓడ తేలికై పైకి లేస్తుంది. ఒకే ఓడ నడిసముద్రంలో ఒక విధంగా, ఒడ్డున మరొక విధంగా ప్రవర్తిస్తుంది. ఈ ఓడను ఎల్.ఎస్.టి. అన్నారు. పొడవు 100 మీటర్లు. యుద్ధం ముగిసేలోగా ఇలాంటివి వెయ్యికి పైగా కట్టారు.

ఒడ్డు వాలు - ఒక లెక్క

పడవ ఎంత గొప్పదైనా, ఒడ్డు ఎలా ఉందో తెలియకపోతే ప్రయోజనం లేదు. దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు.

ఎల్.ఎస్.టి. ఒడ్డుకు వచ్చేటప్పుడు దాని ముందు భాగం నీటిలో ఒక మీటరు, వెనుక భాగం 2.9 మీటర్లు మునిగి ఉంటుంది. ఓడ పొడవు 100 మీటర్లు. అంటే ఓడ అడుగు 100 మీటర్లకు దాదాపు 2 మీటర్ల చొప్పున, లేదా 50కి 1 చొప్పున వాలుగా ఉంది. ఒడ్డు కూడా 50కి 1 వాలుగా ఉంటే ఓడ అడుగు ఒక్కసారిగా నేలకు ఆనుతుంది. ముందు తలుపు దగ్గర సుమారు ఒక మీటరు నీరు ఉంటుంది. సైనికుడు నడుము లోతులో నడిచిపోగలడు.

ఇప్పుడు ఒడ్డు 200కు 1 వాలుగా ఉందనుకుందాం. అంటే నేల చాలా చదునుగా ఉంది. ఓడ ముందుకు సాగుతూ ఉండగా, వెనుక భాగం దగ్గర నీటి లోతు 2.9 మీటర్లు కాగానే అది నేలకు తగిలి ఆగిపోతుంది. అక్కడి నుంచి 100 మీటర్లు ముందు, తలుపు దగ్గర, నేల అర మీటరు మాత్రమే పైకి లేచి ఉంటుంది. అంటే అక్కడి లోతు 2.4 మీటర్లు. ఎంత పొడుగు మనిషైనా అందులో మునిగిపోతాడు. వీపు మీద తుపాకి, మందుగుండు, సామాను మూట ఉన్నవాడు ఈదలేడు కూడా.

ఇసుక తిన్నె ఉన్నచోట ప్రమాదం మరింత ఎక్కువ. ఓడ తిన్నెకు తగిలి ఆగగానే ఒడ్డు చేరామని అనిపిస్తుంది. కాని తిన్నెకూ అసలు ఒడ్డుకూ నడుమ లోతైన నీటి పాయ ఉండవచ్చు. పైనుంచి చూస్తే అది కనిపించదు.

ఆటుపోట్ల సంగతి కూడా చూడాలి. పోటు వచ్చేటప్పుడు ఒడ్డుకు ఎక్కిన పడవను, నీరు పెరిగే కొద్దీ వెనక్కి తీయవచ్చు. ఆటు మొదలైన తరువాత ఎక్కితే, నీరు జారిపోయి పడవ ఇసుక మీద చిక్కుకుంటుంది. మళ్లీ పోటు వచ్చే వరకు కదలదు. ఒడ్డుకు వచ్చే ముందు పెద్ద నౌకలు వెనుక నుంచి ఒక లంగరును నీటిలో జారవిడుస్తాయి. ఆ లంగరు రెండు పనులు చేస్తుంది. అలలకు ఓడ అడ్డం తిరగకుండా పట్టి ఉంచుతుంది. పని ముగిశాక దాని గొలుసును చుట్టుకొంటూ ఓడ తనను తాను వెనక్కి లాగుకొంటుంది. మసూలా పడవలో వెనుక తెడ్డు పట్టినవాడు చేసిన పనిలో సగం ఇక్కడ లంగరు చేస్తోంది.

తప్పిన లెక్కలు

1943 నవంబరు 20న పసిఫిక్ సముద్రంలోని తరావా దీవుల మీద అమెరికను సైన్యం దాడి చేసింది. ఒడ్డుకు కొన్ని వందల గజాల దూరంలో నీటి అడుగున పగడపు దిబ్బ ఉంది. పోటు నీరు దాని మీద హిగ్గిన్స్ పడవలు తేలేంత ఉంటుందని అధికారులు ఆశించారు. ఆనాడు నీరు అంత పెరగలేదు. పడవలు దిబ్బ అంచున ఆగిపోయాయి. సైనికులు ఎదురుగా కురుస్తున్న గుండ్ల మధ్య, ఛాతీ లోతు నీటిలో ఒడ్డు వరకు నడవవలసి వచ్చింది. నీటిలోనూ నేల మీదా నడిచే ఇనుప పట్టాల బండ్లు మాత్రమే దిబ్బను దాటగలిగాయి. మూడు రోజుల యుద్ధంలో వెయ్యి మందికి పైగా అమెరికను సైనికులు చనిపోయారు. ఆ చిన్న దీవిని కాపాడిన జపాను సైనికులలో కూడా బతికి బయటపడినవారు చాలా కొద్దిమంది.

ఆ తరువాత ఏ దాడికైనా ముందు ఒడ్డును పరీక్షించటం తప్పనిసరి అయింది. రాత్రివేళ ఈదుకొంటూ వెళ్లి లోతు కొలిచేవారు, ఇసుకను తీసుకొని వచ్చేవారు, అడ్డంగా పాతిన కొయ్యలను గుర్తించేవారు ఉండేవారు. 1944 జూన్ 6న ఫ్రాన్సులోని నార్మండీ తీరాన మిత్రరాజ్యాల సైన్యం దిగింది. ఆ దాడిలో చిన్నవీ పెద్దవీ కలిసి 4,000కు పైగా దింపుడు పడవలు, ఓడలు పాల్గొన్నాయి. ముందే చేసిన పరీక్షలు ఎంతో మేలు చేశాయి. అయినా ఒమాహా అనే తీరభాగంలో అలల వల్లా, ఎదుటి తుపాకుల వల్లా ఎందరో తలుపు దాటగానే కూలిపోయారు.

బంగాళాఖాతంలో

ఈ యుద్ధం తెలుగు తీరాన్ని కూడా తాకింది. 1942 మార్చిలో జపానువారు అండమాను దీవులను ఆక్రమించారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద వారి విమానాలు బాంబులు వేశాయి. జపాను సైన్యం ఈ తీరాన దిగుతుందేమోనన్న భయంతో మద్రాసు నుంచి ఎందరో ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. ఆ దాడి రాలేదు.

అండమాను దీవులను తిరిగి పట్టుకోవటానికి 1943లో ఒక పథకం వేశారు. కాని దానికి కావలసిన పడవలు, ఓడలు ఐరోపా యుద్ధానికి అవసరమయ్యాయి. ఆ పథకాన్ని మానుకోవలసి వచ్చింది. దింపుడు పడవలు ఎన్ని ఉన్నాయన్నదే అప్పుడు ఎక్కడ దాడి జరగాలో, ఎక్కడ జరగకూడదో నిర్ణయించింది.

రాయల్ ఇండియన్ నేవీలో దింపుడు పడవలను నడిపే ప్రత్యేక విభాగం ఒకటి ఏర్పడింది. 1945 జనవరిలో బర్మాలోని అరకాను తీరాన భారత నావికులు నడిపిన పడవలు పనిచేశాయి. అక్కడ ఇసుక ఒడ్డు తక్కువ. మడ అడవులు, వాటి నడుమ మెలికలు తిరిగే ఉప్పుటేళ్లు, లోతు తెలియని బురద ఎక్కువ. జనవరి 12న మ్యెబాన్ అనే చోట ముందుగా దిగినవారు పోటు నీటిలో బాగానే ఒడ్డుకు చేరారు. ఆటు మొదలయ్యాక వచ్చినవారు మాత్రం బురదలో కూరుకుపోయి, ఒకరినొకరు లాగుకొంటూ నడవవలసి వచ్చింది. ఆ నెలలోనే రామ్రీ దీవిలోనూ, కంగా దగ్గరా దాడులు జరిగాయి. వీటన్నిటిలో భారత సైనిక పటాలాలు పాల్గొన్నాయి. మే నెలలో రంగూను చేతికి వచ్చింది.

భారత నౌకాదళానికి ఈ పాఠం మరొకసారి ఎదురైంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు, తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ దగ్గర సైన్యాన్ని దింపాలని నిర్ణయించారు. పారిపోయే సేనలు బర్మాలోకి పోకుండా అడ్డుకోవటం ఉద్దేశం. ఘరియాల్, గుల్దార్ అనే నౌకలు బయలుదేరాయి. పోలండులో తయారైన ఈ నౌకల ముందు భాగం తలుపులా తెరుచుకొంటుంది. పని తొందరలో జరిగింది. ఆ తీరాన్ని ముందుగా వివరంగా పరీక్షించటానికి వ్యవధి లేదు. ఓడ ఇసుక తిన్నె దగ్గర ఆగింది. తిన్నె అవతల లోతైన పాయ ఉంది. ముందుగా దిగిన గూర్ఖా జవాన్లలో కొందరు నీటిలో మునిగి ప్రాణాలు కోల్పోయారు. శత్రువు ఒక్క గుండు కూడా పేల్చలేదు. దింపటం ఆపి, మిగిలినవారిని తరువాత స్థానికుల పడవల సాయంతో ఒడ్డుకు చేర్చారు.

ఈ సంఘటనలో నౌకలు చెడిపోలేదు. సైనికులు ధైర్యం కోల్పోలేదు. తెలియకపోయినది ఒడ్డు మాత్రమే. ఆ నేలను ఎరిగిన స్థానిక పడవవాళ్ల చేతుల మీదుగా పని పూర్తి కావటం గమనించదగిన విషయం.

విశాఖపట్నం నుంచి

ఆ తరువాత భారతదేశం ఇలాంటి నౌకలను స్వయంగా నిర్మించటం నేర్చుకొంది. ఘరియాల్ అనే పేరుతో వచ్చిన రెండవ నౌక 1997లో నౌకాదళంలో చేరింది. దాని నిర్మాణం విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో మొదలై, కలకత్తాలో పూర్తి అయింది. 2007లో జలాశ్వ అనే పెద్ద నౌక వచ్చింది. అంతకు ముందు అది ట్రెంటన్ అనే పేరుతో అమెరికా నౌకాదళంలో పనిచేసింది. దాని స్థావరం విశాఖపట్నం.

జలాశ్వ ఒడ్డుకు ఎక్కదు. దాని వెనుక భాగంలో ఒక పెద్ద తొట్టి ఉంది. కొంత నీటిని తొట్లలోకి తీసుకోగానే ఓడ వెనుక భాగం కిందికి దిగుతుంది. తలుపు తెరిస్తే సముద్రపు నీరు లోపలికి వస్తుంది. లోపల ఉన్న దింపుడు పడవలు తేలి, తలుపు గుండా బయటికి సాగిపోతాయి. నడిసముద్రానికి ఒక ఓడ, ఒడ్డుకు మరొక పడవ అన్న పాత పద్ధతే ఇది. రెండింటినీ ఒకే చోట చేర్చటం ఇందులోని నేర్పు. 2019 నవంబరులో భారత, అమెరికా సేనలు కలిసి కాకినాడ తీరాన ఇలాంటి పడవలతో అభ్యాసం చేశాయి.

యుద్ధానికి పుట్టిన ఈ పడవలు యుద్ధం లేని రోజులలో కూడా పనిచేస్తున్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నికోబార్ దీవులలో ఓడలు ఆగే జెట్టీలు దెబ్బతిన్నాయి. మామూలు ఓడ అక్కడికి వెళ్లినా సరుకు దింపలేదు. జెట్టీ అవసరం లేని నౌకలు ఇసుక ఒడ్డుకే చేరి మంచినీరు, తిండి, మందులు అందించాయి. ఆకలితో ఉన్నవారిని కాపాడినది, శత్రువు మీదికి వెళ్లటానికి చేసిన ఆ తలుపే. 2020 మే నెలలో కరోనా వ్యాధి వల్ల ప్రయాణాలు ఆగిపోయినప్పుడు, జలాశ్వ మాలె నగరం నుంచి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది.

మసూలా పడవ నుంచి జలాశ్వ వరకు వస్తువులు మారాయి. కొబ్బరి తాడు పోయి ఉక్కు వచ్చింది, తెడ్డు పోయి ఇంజను వచ్చింది. ఒడ్డు మాత్రం మారలేదు. ఒడ్డును ఎరిగి పడవ కట్టినవాడు, ఒడ్డును ఎరిగి పడవ నడిపినవాడు మనుషులను క్షేమంగా దింపగలిగాడు. ఎరగనివాడికి ఎంత బలమున్నా చాలలేదు.

కొత్త మాటలు - అర్థాలు

ఆటుపోట్లు : సముద్రపు నీరు తగ్గటం, పెరగటం
తిన్నె : నీటి అడుగున గాని పైన గాని పేరుకొన్న ఇసుక మేట
పాయ : చీలి పారే నీటి దారి
ఉప్పుటేరు : సముద్రపు నీరు ఎక్కి దిగే ఏరు
పటాలం : సైనికుల దళం
వాలు : ఏటవాలుగా ఉండటం

ప్రశ్నలు

1. మసూలా పడవ పలకలను మేకులతో బిగించక తాడుతో ఎందుకు కుట్టేవారు?
2. చదునైన అడుగు వల్ల కలిగే మేలు ఏమిటి? కీడు ఏమిటి?
3. ఎల్.ఎస్.టి. నౌకలో నీటి తొట్లు ఎందుకు ఉంటాయి?
4. పాఠంలో చెప్పిన ఓడ 100కు 1 వాలు ఉన్న ఒడ్డుకు వస్తే, తలుపు దగ్గర నీటి లోతు ఎంత ఉంటుంది? లెక్క కట్టండి.
5. తరావా, కాక్స్ బజార్ సంఘటనలలో సమానమైన విషయం ఏమిటి? మీ మాటలలో రాయండి.
6. మీ ఊరి చెరువులోగాని ఏటిలోగాని పడవ నడిపేవారిని కలుసుకోండి. ఒడ్డుకు పడవను చేర్చేటప్పుడు వారు ఏమేమి గమనిస్తారో అడిగి పది వాక్యాలు రాయండి.